పేరు పెట్టి పిలవమన్నాను

పలాస

మా తెనాలి వైపు పెళ్లి భోజనాల్లో పాయసంలో నిండు జీడిపప్పు తగిలితే "పలాస సరుకే" అని మెచ్చుకుంటారు. ఆ పలాస ఎక్కడుందో చెప్పమంటే మాత్రం సగం మంది తల గోక్కుంటారు. నేనూ గోక్కున్నదాన్నే. శ్రీకాకుళం దాటాక ఒరిస్సా పక్కన ఎక్కడో ఉంటుందని ఓ ఊహ, అంతే. రెండువేలు దాటిన మూడో నాలుగో వేసవిలో ఆ జిల్లా నుంచి నాకు కబురొచ్చింది. ఆడపిల్లల ఫుట్‌బాల్ జట్టు కడుతున్నారట, నేర్పడానికి ఆడ కోచ్ దొరకడం లేదట, పది రోజులు వచ్చి నేర్పి పదహారు మందిని ఏరి ఇమ్మన్నారు. అప్పటికి నేనొక బళ్లో ఆటల టీచర్ని. యూనివర్సిటీ జట్టుకి నాలుగేళ్లు ఆడాను. ఆ నాలుగేళ్ల గొప్ప నా నెత్తి మీద కిరీటంలా ఉండేది. పది రోజులు చాలు, వాళ్లని ఎక్కడికో తీసుకుపోతాననుకుంటూ రైలెక్కాను.

ముందే ఒక మాట. ఇందులో రాసినవి పిల్లల అసలు పేర్లు కావు. ఊళ్ల పేర్లు కూడా కొన్ని చెప్పను. ఎందుకో చదివితే మీకే తెలుస్తుంది.

తెల్లవారి విశాఖలో కాశీబుగ్గ జీడిపప్పు వ్యాపారి ఒకాయన ఎక్కి నా ఎదురుగా కూర్చున్నాడు. గుండు ఏది, బద్ద ఏది, ముక్క ఏది, పప్పు ఎప్పుడు ఎర్రబడుతుంది, అన్నీ శ్రీకాకుళం రోడ్డు స్టేషన్ దాకా ఓపిగ్గా చెప్పుకొచ్చాడు. తర్వాత నేనేం పని మీద వెళ్తున్నానో అడిగాడు. చెప్పాను. కాసేపు కిటికీలోంచి చూసి, మా వైపు గుంటలు బంతి తంతారా, వాళ్ల నాన్నలు ఒప్పుకున్నారా అన్నాడు. అక్కడ ఆడపిల్లల్ని గుంటలంటారు. ఆ అడగడంలో వెటకారమేమీ లేదు, తెలుసుకుందామనే అడిగాడు. పలాసలో దిగేటప్పుడు నా బంతుల సంచీ ఆయనే కిందికి దించిపెట్టాడు.

స్టేషన్ బయట సింహాచలం మాస్టారు స్కూటర్ పట్టుకుని నిలబడి ఉన్నారు. ఆయన చెప్పేది సోషల్. ఆటలతో ఆయనకి సంబంధం లేదు. ఏదో పథకం కింద వాళ్ల బడికి క్రికెట్ సామాను, ఒక ఫుట్‌బాలు వచ్చాయట. మగపిల్లలు బ్యాట్లు పట్టుకుపోయారు. బంతి మిగిలిపోయింది. ఊరికే ఉంటే గాలి పోతుందని ఆడపిల్లలకి ఇచ్చారు. అలా మొదలైన జట్టు అది. రెండేళ్లుగా ఆయన ఓ పాత పుస్తకంలో బొమ్మలు చూసి నేర్పుతున్నారు. "నాకు రూల్సే తెలుసు మేడం, ఆట తెలీదు" అన్నారు. అంత నిజాయితీగా చెప్పే మనిషి మాటకి నేనెంత విలువిచ్చానో తర్వాత చెబుతాను.

కాశీబుగ్గ

పలాస, కాశీబుగ్గ పేరుకి రెండు ఊళ్లు. ఒకటి ఎక్కడ అయిపోయిందో, రెండోది ఎక్కడ మొదలైందో నాకు పది రోజుల్లోనూ అంతుపట్టలేదు. ఊరంతా జీడి కాలుస్తున్న వాసన. మొదటి గంట గొంతులో కారంగా పట్టేస్తుంది, రెండో గంటకి ఆకలేస్తుంది. ఒక పాక హోటల్లో ఇడ్లీ తిన్నాం. చట్నీ మా వైపు కంటే పల్చన, కారం మాత్రం మా కారానికి ఏమీ తీసిపోదు. కొబ్బరిబోండం మూడు రూపాయలంటే, మా తెనాల్లో ఎనిమిది కదా అని ఆశకొద్దీ రెండు తాగేసి, స్కూటర్ మీద కడుపు పట్టుకుని కూర్చున్నాను.

దారిలో ఒక జీడి బట్టీ దగ్గర మాస్టారు ఆపారు. వరసగా ఆడవాళ్లు కూర్చుని కాల్చిన గింజలు కొడుతున్నారు. అందరి చేతి వేళ్లూ నల్లగా ఉన్నాయి. జీడి తొక్కలోని రసం చర్మాన్ని కాలుస్తుందట, బూడిద రాసుకుంటూ పని చేస్తారు. జట్టులో పిల్లలు చాలామందికి పదో తరగతి అయ్యాక దారి ఇటేనని మాస్టారు చెప్పారు. జిల్లా జట్టులో పేరొస్తే స్పోర్ట్స్ హాస్టల్లో సీటు దొరుకుతుంది, ఇంకో నాలుగేళ్లు చదువుతారు. నేను ఏరబోయే పదహారు పేర్ల వెనక ఉన్నది అదీ.

తోటల మధ్య

మాస్టారి బడి ఉన్న సీమ పేరు ఉద్దానం. ఉద్దానమంటే ఉద్యానవనమే అంటారు. అక్కడికి వెళ్తే ఎవరూ రుజువు అడగరు. కొబ్బరి, దాని కింద జీడిమామిడి, మధ్యలో పనస, సందు దొరికిన చోట మునగ. రోడ్డు మీద ఎండ చుక్క పడదు. ఆ తోటల మధ్య ఇసుక నేలలో మైదానం. సరుగుడు కర్రలు పాతి గోలు కట్టారు. గోలుకి నెట్ కూడా ఉంది, చిరిగిన చేపల వల. అంత మంచి నెట్ నేను యూనివర్సిటీలో కూడా చూడలేదు. చిక్కల్లా బంతి జీడిచెట్ల కిందికి దొర్లిపోతే వస్తుంది. ఆ కొమ్మలు నేలకి ఆనుకుని ఉంటాయి, పాక్కుంటూ వెళ్లి తెచ్చుకోవాలి.

మొదటి రోజు తొమ్మిది మందే వచ్చారు. జీడి గింజ ఏరే రోజులు కదా, మిగతావాళ్లు తోటల్లో ఉన్నారు. చెప్పిన టైముకి రాకపోతే నాకు ఒళ్లు మండుతుంది. ఆ రోజు మండిన ఒళ్లు రెండో రోజు పిల్లల ఆట చూశాక చల్లారింది. ఒట్టి కాళ్లతో ఇసుకలో ఆడి ఆడి వాళ్ల పిక్కలు గట్టిపడి ఉన్నాయి. వాళ్లలో ఇద్దరి మీద నా కళ్లు నిలిచిపోయాయి. గోల్‌కీపర్ తులసి సముద్రం ఒడ్డు ఊరి పిల్ల. పొడుగు చేతులు, భయం తెలియదు. ఆమె ముందు బ్యాక్‌గా ఆడే ఢిల్లేశ్వరి ఈ తోటల ఊరి పిల్లే. పొట్టిగా ఉంటుంది, బంతి ఎటు పడుతుందో మనకంటే ముందు తెలిసిపోతుంది. ఇద్దరికీ పద్నాలుగు.

వాళ్లిద్దరి మధ్య నడిచే పిలుపు ఒకటే మాట, నేస్తం. తులసి దాన్ని పైకెత్తి అంటే నేను వస్తున్నా వదిలెయ్యమని, దించి అంటే నువ్వే కొట్టెయ్యమని. ఢిల్లేశ్వరి వెనక్కి తిరిగి చూసేది కాదు. ఇద్దరి మధ్య నుంచి బంతి వెళ్లడం ఆ మూడు రోజుల్లో నేను చూడలేదు.

మూడో రోజు నాకు చిన్న ప్రమాదం జరిగింది. ఆట అయ్యాక జీడిచెట్టు కింద కూర్చుని, పండు కొరికి, దాని అడుగునున్న పచ్చి గింజని కూడా పళ్లతో పగలగొట్టాను. పలాస వచ్చి పప్పు నా చేత్తో తీసుకు తినకపోతే ఎలా అనుకున్నాను. పది నిమిషాల్లో పెదాలు మండి పొక్కులు లేచాయి. పిల్లలు నవ్వాలా ఏడవాలా తెలియక నిలబడ్డారు. ఢిల్లేశ్వరి నన్ను చెయ్యి పట్టుకుని వాళ్లింటికి లాక్కుపోయింది. వాళ్ల నాయనమ్మ నా మూతి చూసి, "ఓలమ్మ, పంతులమ్మకి జీడి తినడం రాదేటి" అని, గానుగలో ఆడించిన కొబ్బరినూనె తెచ్చి తానే రాసింది. ఆ వేళకి అన్నం కూడా పెట్టింది. పచ్చి జీడిపప్పు కూర, చింతకాయ పచ్చడి. పచ్చడి నేను తినలేకపోతే మజ్జిగ పోసింది. మా ఇంట్లో మా అమ్మ కూడా నన్ను అంత బుజ్జగించి ఎరగదు.

ఆ భోజనం దగ్గరే నేను నేస్తం సంగతి అడిగాను. నాయనమ్మ తీరుబడిగా చెప్పింది. పిల్లలకి ఏడేళ్లప్పుడు అమ్మవారి సంబరంలో ఇద్దరూ తప్పిపోయారట. సాయంత్రానికి దొరికారు, ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని తీర్థంలో గాజుల కొట్టు దగ్గర కూర్చుని ఉన్నారట. అంతకుముందు ఒకరి మొహం ఒకరికి తెలియదు. రెండిళ్ల పెద్దలూ చూసి, అమ్మవారే కలిపింది పొమ్మని, కొత్త బట్టలు ఇచ్చిపుచ్చుకుని నేస్తం కట్టించారు. ఆ రోజు నుంచి రెండిళ్లూ చుట్టాలు. మంచికైనా చెడ్డకైనా ముందు నేస్తం ఇంటివాళ్లు రావాలి. ఇక ఆ పిల్లలు బతికున్నన్నాళ్లూ ఒకరి పేరు ఒకరు పలకకూడదు. పలికితే తెగిపోయినట్టే.

నాయనమ్మకీ ఒక నేస్తం ఉండేదట, పోయి పదేళ్లయింది. ఆమె పేరేమిటని అడిగాను. ముసలమ్మ నవ్వి ఢిల్లేశ్వరి వైపు చూసింది. ఆ పేరు మనవరాలు చెప్పింది.

మా వైపు స్నేహాలు పొద్దున్న కలిసి సాయంత్రానికి విడిపోతాయి, మర్నాడు మళ్లీ కలుస్తాయి. ఇలాంటి కట్టుబాటు నేనెక్కడా వినలేదు. మాస్టారింటికి వెళ్లాక నోట్‌బుక్‌లో రెండు పేజీలు రాసుకున్నాను. ఎంత బాగుందో అని కింద గీత కూడా గీశాను.

తీరం

ఆదివారం ఆట లేదు. ఢిల్లేశ్వరి ఒక తట్టలో జీడిపప్పు, కొబ్బరికాయలు, పనసపండు సగం సర్దుకుని నేస్తం ఇంటికి బయల్దేరింది. నేనూ తోడెళ్లాను. తోటలు దాటగానే సముద్రం మీద పడినట్టు వచ్చేస్తుంది. మా సూర్యలంకలో సముద్రం చూడ్డానికి జనం వెళ్తారు. ఇక్కడ ఎవరూ దాన్ని చూడరు, దాని పని మీద ఉంటారు. ఒడ్డున పడవలు, ఇసుకలో ఆరబోసిన నెత్తళ్లనే సన్న చేపలు, కాకుల్ని తోలుతున్న ముసలివాళ్లు. తులసి వాళ్లమ్మ నన్ను కూర్చోబెట్టి, తట్ట అందుకుని, ముందు ఢిల్లేశ్వరి తల నిమిరింది. ఆ తర్వాతే నన్ను బాగున్నావా అని అడిగింది. అది నాకు నచ్చింది.

వేయించిన నెత్తళ్లతో చోడి అంబలి తాగాం. చోళ్లంటే మా వైపు రాగులే. గోలుకి కట్టిన వల తులసి నాన్నదట. ఆయన మాట్లాడే మనిషి కాదు. కూతురు గోల్లో ఎలా దూకుతుందో మాత్రం నన్ను రెండుసార్లు అడిగి చెప్పించుకున్నాడు. పిల్లలిద్దరూ జట్టులోకి వస్తే కలిసే పంపుతామని, విడిగా అయితే ఏ ఇంట్లోనూ పంపరని తులసి వాళ్లమ్మ చెప్పింది. నేస్తం తోడుంటే ఏ ఊరైనా భయం లేదట. మేం బయల్దేరేటప్పుడు తట్టలో ఎండుచేపలు నింపి ఇచ్చింది. ఏడేళ్లలో ఆ తట్ట ఇటు నుంచి గానీ అటు నుంచి గానీ ఖాళీగా వెళ్లలేదట.

వచ్చేటప్పుడు తులసి తోటల దాకా సాగనంపింది. ఇద్దరూ నా ముందు నడుస్తున్నారు, తట్టకి చెరో పక్కా పట్టుకుని. వెనక నేను ఎండుచేపల వాసన పీలుస్తూ, ఈ ఇద్దరినీ రాష్ట్రం జట్టు దాకా తీసుకెళ్లేది నేనేనని కలలు కంటున్నాను.

ఆరో రోజు

పిల్లలు గట్టిపడాలని ఆరో రోజు కాశీబుగ్గ నుంచి మగపిల్లల జట్టుని పిలిపించాను. ఆ సాయంత్రం గింజ ఏరే పని త్వరగా ముగించి ఊరంతా వచ్చింది. ఆడవాళ్లు కంచె పక్కన కూర్చున్నారు. వాళ్లలో నాయనమ్మ కూడా ఉంది. మా పిల్లలు బాగా ఆడారు. ఆఖర్లో ఒక బంతి గోలు ముందుకి వచ్చింది. అక్కడ ఢిల్లేశ్వరితో పాటు నేను కొత్తగా వెనక్కి తెచ్చిన ఇంకో పిల్ల ఉంది. తులసి ఎప్పట్లాగే నేస్తం అని అరిచింది. ఢిల్లేశ్వరి ఆగింది. ఆ ఇంకో పిల్లకి ఆ పిలుపు అర్థం కాలేదు, అడ్డంగా వచ్చేసింది. ముగ్గురూ తికమకపడ్డారు, బంతి వలలోకి వెళ్లింది. ఒక్క గోలుతో ఓడిపోయాం.

నా సంగతి కూడా చెప్పాలి. యూనివర్సిటీలో మా జట్టు ఒక సెమీఫైనల్ ఇలాగే ఓడిపోయింది. ఎవరూ పిలవలేదు, నేనూ ఇంకో అమ్మాయీ బంతిని ఒకరికొకరు వదిలేశాం. అందరి ముందూ మా కోచ్ నన్ను చెంప మీద కొట్టాడు. అప్పటి నుంచి పేరు పెట్టి గట్టిగా పిలవడం నాకు ఆటలో మొదటి పాఠం. అది మంచి పాఠమే. తప్పల్లా దాన్ని నేను ఎక్కడ, ఎవరి మీద, ఎలా ప్రయోగించానన్నదే.

పిల్లలందరినీ గోలు ముందు నిలబెట్టాను. బంతి నేనే వేస్తానని, అది ఎవరిదో వాళ్లని పేరు పెట్టి తులసి పిలవాలని చెప్పాను. ఒక్కొక్కరినీ పిలిచింది. ఢిల్లేశ్వరి వంతు వచ్చేసరికి నోరు మూసుకుంది. నేను గొంతు పెంచాను. ఢిల్లేశ్వరి దగ్గరకొచ్చి, తనని పిలవక్కర్లేదని, నేస్తం గొంతు వింటే తనకి తెలిసిపోతుందని చెప్పింది. నీకు తెలిస్తే చాలదు, పదకొండు మందికీ తెలియాలన్నాను.

అప్పుడు సింహాచలం మాస్టారు పక్కకొచ్చి మెల్లగా అన్నారు. "మేడం, నంబరు పెట్టి పిలవమందాం. ఢిల్లేశ్వరి నాలుగో నంబరు కదా. నాలుగు అంటే సరిపోద్ది."

ఎంత తేలికైన మాట. ఆట తెలియని మనిషికి తోచింది నాకు తోచలేదు. తోచకపోవడం కాదు, ఒప్పుకోబుద్ధి కాలేదు. ఊరంతా చూస్తోంది. సోషల్ మాస్టారు నాకు ఫుట్‌బాల్ నేర్పడమా అనిపించింది. "ఆట సంగతి నేను చూసుకుంటాను మాస్టారూ" అన్నాను. ఆయన తలూపి వెనక్కి వెళ్లిపోయారు. ఆ మాట అన్నప్పటి నా గొంతు నాకిప్పటికీ వినిపిస్తుంది.

తర్వాత తులసి వైపు తిరిగి, "పేరు పెట్టి పిలవకపోతే మీ ఇద్దరి పేర్లూ లిస్టులో ఉండవు" అన్నాను.

ఇద్దరివీ అన్నాను. తనదొక్కటే అయితే ఆ పిల్ల పలికేది కాదు. నాకది తెలుసు, తెలిసే అన్నాను. తులసి ఢిల్లేశ్వరి వైపు చూసింది. ఢిల్లేశ్వరి వద్దన్నట్టు తల అడ్డంగా ఊపింది. జీడి బట్టీలో కూర్చున్న ఆడవాళ్ల చేతులు తులసికీ తెలుసు కదా. నేస్తానికి అన్యాయం చేయకూడదని, నేస్తం పేరు పలికింది.

ఇంకా గట్టిగా పలకమన్నాను. పలికింది. మళ్లీ పలకమన్నాను. మూడోసారి ఊరంతటికీ వినబడేలా పలికింది.

ఢిల్లేశ్వరి బంతిని తెచ్చి నా కాళ్ల దగ్గర పెట్టి, జీడిచెట్ల మధ్యనుంచి ఇంటికి వెళ్లిపోయింది. కంచె పక్కన ఆడవాళ్లు ఒక్కొక్కరే లేచారు. నాయనమ్మ అందరికంటే చివర లేచింది. తులసి గోలు మధ్యలోనే నిలబడి ఉంది, వలకి వీపు ఆనించి.

ఆ సాయంత్రం నా నోట్‌బుక్‌లో ఏం రాశానో చెప్పడానికి సిగ్గేస్తోంది, కానీ చెబుతాను. 'తులసి పిలుపు మెరుగుపడింది' అని రాశాను.

మళ్లీ తోటలోకి

ఏడో రోజు ఇద్దరూ రాలేదు. గింజ ఏరుతున్నారేమో అనుకున్నాను. ఎనిమిదో రోజూ రాలేదు. మాస్టారు ఆ సంగతి ఎత్తలేదు, నేను అడిగేదాకా ఊరుకున్నారు. అడిగాక చెప్పారు, ఆటకి ముందు రోజు ఢిల్లేశ్వరి వాళ్లు పంపిన తట్ట తీరం నుంచి తిరిగొచ్చేసిందని. ఎవరి చేతో పంపించారట, ఖాళీగా.

అప్పుడు నా నెత్తి మీద కిరీటం దిగింది. ఒక్కదాన్నే నడుచుకుంటూ ఢిల్లేశ్వరి వాళ్లింటికి వెళ్లాను. నాయనమ్మ అరుగు మీద గింజలు ఎండబోస్తోంది. పీట వేసింది, మంచినీళ్లిచ్చింది, నా పెదాలు తగ్గాయా అని అడిగింది. తిడితే బాగుండేది. తప్పయిపోయిందని చెప్పాను. ముసలమ్మ గింజలు తిరగేస్తూనే ఉంది.

"నిన్ను అని ఏటి లాబం పంతులమ్మా" అంది. "తెలీక సేసినావంటే ఊరుకుందుము. అన్నమెట్టి మరీ సెప్పినాం కదా."

మళ్లీ కట్టించవచ్చా, ఏం కావాలో చెబితే నేనే తెస్తానన్నాను. బట్టలా, కొబ్బరికాయలా, రెండూళ్ల పెద్దల కాళ్లు పట్టుకోవాలా, ఏదైనా సరే అన్నాను. వాళ్ల ఊళ్లలో ఒకరితో ఒక్కసారే కడతారట. తెగాక ఇంకొకరితో కట్టుకోవచ్చు గానీ, అదే మనిషితో రెండోసారి కట్టరు. కోపతాపాల మీద తెగలేదు కదా, నేను బలవంతం చేస్తే కదా అని వాదించాను. నా వాదన ఆమె విన్నది. ఎలా తెగినా తెగినట్టేనంది.

ఢిల్లేశ్వరి గుమ్మంలో నిలబడి ఉంది. నావైపు కోపంగా చూడలేదు. టెక్కలిలో సెలక్షన్ రోజు ఎన్ని గంటలకి రావాలని అడిగింది. నేను ముసలమ్మ మొహం చూశాను. నేస్తం తోడుంటేనే పంపుతామన్న ఇల్లు అది.

"ఎల్లనీ" అంది నాయనమ్మ. "ఒకటి పోనాది. రెండోదైనా ఉండనీ."

వచ్చేటప్పుడు తోటలో దారి తప్పాను. రెండడుగులకో కొబ్బరిచెట్టు, అన్నీ ఒక్కలాగే ఉన్నాయి. ఒక కాయల దింపు మనిషి చెట్టు మీద నుంచే దారి చెప్పాడు. చెప్పి, ఆ బంతాట పంతులమ్మవి నువ్వేనా అన్నాడు. అవునన్నాను. పక్క గెలకి మళ్లి కాయలు దింపుకోసాగాడు. మా అమ్మమ్మ అరవై ఏళ్లు కాపురం చేసి తాతయ్య పేరు ఒక్కసారి పలకలేదు. రేషన్ కార్డువాళ్లు వస్తే మా చేత చెప్పించేది. ఆమె నోటి నుంచి ఆ పేరు బలవంతంగా పలికించాలని ఎవరైనా వస్తే నేనే గుమ్మం దాటనిచ్చేదాన్ని కాదు. దారంతా అదే ఆలోచించాను.

టెక్కలి

పదో రోజు టెక్కలిలో సెలక్షన్. పక్క మండలాల పిల్లలు కూడా వచ్చారు. నాతో పాటు ఏరడానికి శ్రీకాకుళం నుంచి ఒక రిటైరైన కోచ్ వచ్చారు, పెద్దాయన. ఎండ మాడ్చేస్తోంది. తాటిముంజలు అమ్మేవాళ్లు మైదానం చుట్టూ చేరారు. తులసి వాళ్ల నాన్నతో వచ్చింది. ఢిల్లేశ్వరి మాస్టారి స్కూటర్ మీద వచ్చింది. ఇద్దరినీ ఒకే జట్టులో వేశాను.

ఆట మొదలైంది. మొదటి బంతి గోలు మీదికి వచ్చింది. తులసి ఢిల్లేశ్వరీ అని పిలిచింది, పొడిగా, స్పష్టంగా. ఢిల్లేశ్వరి ఆ బంతి కొట్టేసింది, తర్వాతి బంతి వదిలేసి తులసీ నీదే అంది. గంటసేపూ అలాగే ఆడారు. పేరు పెట్టి పిలుస్తూ, వెనక్కి తిరిగి చూసుకుంటూ. ఇదివరకు ఢిల్లేశ్వరి వెనక్కి చూసేది కాదు. అరడుగు ఆలస్యమైంది ఆ పిల్లకి. అది నాకు తప్ప ఎవరికీ కనబడలేదు. ఒక్క గోలు కూడా పోలేదు. పెద్దాయన నా వైపు వంగి, పది రోజుల్లో పిలుపు ఎంత బాగా నేర్పారండీ, ఈ ఇద్దరూ ఖాయమని చెప్పారు. నేను తలూపాను. మాస్టారు ఆ మాట విని ముంజలవాడి దగ్గరికి వెళ్లిపోయారు.

లిస్టు చదివారు. ఇద్దరూ ఉన్నారు. తులసి నాన్న దూరం నుంచి నాకు రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టాడు. ఆ దణ్ణం తీసుకోవడం నా వల్ల కాలేదు, షూ లేసు కట్టుకుంటున్నట్టు వంగిపోయాను.

భోజనాల దగ్గర పులిహోర పొట్లాలు పంచుతుంటే, తులసి ఒకటి ఢిల్లేశ్వరికి అందించింది. ఢిల్లేశ్వరి తీసుకుంది. ఏదో అడిగింది, తులసి చెప్పింది. నాకు ప్రాణం లేచొచ్చింది. పిల్లలు కదా, పెద్దవాళ్ల పట్టింపులు వాళ్లకేం ఉంటాయి, నాలుగు రోజుల్లో కలిసిపోయారు అనుకున్నాను. నా పాపం అంత తేలిగ్గా పోతుందని ఎంత ఆశపడ్డానో. ఢిల్లేశ్వరి చెయ్యి కడుక్కోవడానికి కుళాయి దగ్గరికి వస్తే వెనకే వెళ్లాను. మీరిద్దరూ మాట్లాడుకుంటున్నారు కదా, నాకు చాలా సంతోషంగా ఉందన్నాను.

ఆ పిల్ల కుళాయి కట్టేసి, చేతులు లంగాకి తుడుచుకుంది.

"మాటాడుకుంతన్నాం మేడం" అంది. "అందరితో మాటాడినట్టే."

మర్యాదగా చెప్పింది. నన్ను బాధపెట్టాలని అనలేదు, అడిగిన దానికి జవాబిచ్చింది. సాయంత్రం రైలుకి మాస్టారు నన్ను పలాస తీసుకొచ్చి దించారు. జీడిపప్పు పొట్లం ఒకటి చేతిలో పెట్టి, మళ్లీ రమ్మని మాత్రం అనలేదు. నేనూ వస్తాననలేదు.

ఆ జిల్లా జట్టుకి నేను పదహారు మందిని ఏరి ఇచ్చి వచ్చాను. మంచి జట్టే. అందులో ఒకరికొకరు ఏమీ కాని ఇద్దరు పిల్లలున్నారు. నేను పలాసలో దిగేనాటికి వాళ్లు అలా లేరు.